గడప మీద వేపమండ

పీలమేడు,
11 మే 2021

ప్రియమైన అత్తకు,

మీ కోడలు మధుమిత హాస్టలు మూడో అంతస్తులో కూర్చుని రాస్తున్నది. నేను బాగున్నాను. నల్లసామి బాగాలేడు.

నిన్న మధ్యాహ్నం మన వీధి మలుపులో మా యూనివర్సిటీ భోజనం వ్యాను మీద రాళ్లు పడ్డాయి. ముందు అద్దం పగిలి ఒక రాయి వ్యాను తోలుతున్న నల్లసామి ఎడమకంట్లో దిగింది. ఆ మనిషి ఒక చేత్తో కన్ను మూసుకుని, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని మా గేటు దాకా తోలుకొచ్చాడు. సీటు మీద రక్తం, సాంబారు గిన్నెల మూతల మీద రక్తం. గేటు దగ్గర దిగి, "మేడమ్, పదకొండు ఇండ్లకీ ఇంకా బువ్వ ఇయ్యలేదు" అని చెప్పి పడిపోయాడు. పదహారేళ్లుగా ఇక్కడ బస్సు నడిపినవాడు. నా ఉత్తరాలు మీకు తెచ్చిచ్చి, మీ చేతి మజ్జిగ తాగి వచ్చేవాడు. కన్ను దక్కదని డాక్టర్ మీనాంబాళ్ ఇందాక చెప్పారు.

ఇక్కడి సంగతి మీకు తెలుసు. నెల రోజుల కిందట, నేను వార్డెనుగా ఉన్న ఆడపిల్లల హాస్టలు కరోనా వార్డు అయింది. నూట ఇరవై మంచాలు, అన్నీ నిండాయి. లైబ్రరీలో కూర్చుని లెక్చరర్లు ఫోన్లు ఎత్తుతున్నారు. మెకానికల్ వాళ్లు పాడైన ఆక్సిజన్ మిషన్లు బాగుచేస్తున్నారు. మెస్సు వాళ్లు చుట్టుపక్కల వీధుల్లో జబ్బు తేలిన ఇళ్లకు వండి పంపుతున్నారు. ఇంత చేస్తే మనవాళ్లు ఇచ్చిన మర్యాద ఇది. వ్యాను వస్తే రోగం వస్తుందట. నా సొంత వీధి అని చెప్పుకోవడానికి సిగ్గేస్తున్నది.

ఇంకొక రాయి పడితే రామని డ్రైవర్లు తేల్చేశారు. విసిరినవాడి పేరు పోలీసులకు చేరితేనే మన వీధికి మళ్లీ వ్యాను పంపిస్తామని రిజిస్ట్రారు అన్నారు. అత్తా, మీరు పొద్దున అయిదింటి నుంచి తిన్నె మీదనే ఉంటారు. మీ కళ్లు దాటి వీధిలో పిల్లి కూడా పోదు. పేరు రాసి పంపండి. వాడు ఎవడైనా సరే, నేనే స్టేషనుకు వెళ్లి ఇస్తాను.

మీ అబ్బాయి ఫోను తియ్యడం లేదు. ఇల్లు వదిలి ఇక్కడ ఉండిపోయానని బావకు నా మీద ఇంకా కోపమే అనుకుంటాను. ఒళ్లు జాగ్రత్త అని చెప్పండి. వ్యాను లేదు కాబట్టి ఈ ఉత్తరం మన వీధి ఊడ్చే ఆవిడ, ఆరాయి చేత పంపుతున్నాను.

మీ కోడలు,
మధుమిత


పాత నాయుడు వీధి,
12 మే

నా బంగారు మధుకు,

నీ అత్త తిరుమలమ్మాళ్ దీవించి రాసేది. నీ ఉత్తరం ఒక పూట ఎండలో పెట్టి చదివాను. నల్లసామి సంగతి చదివాక ముద్ద దిగలేదు.

నూలు మిల్లులో ముప్పై ఏళ్లు స్పిండిళ్ల హోరులో పనిచేసి చెవులు పోగొట్టుకున్నా, పెదవులు చూసి ఊరి మాటంతా పట్టేదాన్ని. ఇప్పుడు అందరూ మూతికి గుడ్డ కట్టేశారు. నేను నిజంగా చెవిటిదాన్ని అయింది ఈ కరోనాలోనే. ఇక నాకు మిగిలింది ఈ కాగితమే. మన తెలుగును తమిళ అక్షరాల్లో రాసుకోవడం మా నాన్న నాకు నేర్పాడు, నేను నీకు నేర్పాను. కాబట్టి నా రాత అర్థం కాలేదని నువ్వు తప్పించుకోలేవు.

రాయి ఎవరు విసిరారో నేను చూడలేదు. అప్పుడు పెరట్లో ఉన్నాను.

నిన్న సాయంత్రం కొళాయి దగ్గర జరిగింది మాత్రం చూశాను. మన ఎదురింటి సత్యరాజ్‌కు జబ్బు తేలి, కార్పొరేషన్ వాళ్లు తలుపుకు స్టిక్కరు అంటించి నాలుగు రోజులయింది. అప్పటినుంచి ఆ ఇంటికి ఎవరూ చెంబెడు నీళ్లు పొయ్యలేదు. గొంతు ఎండి వాడి పెళ్లాం మాలిని బిందె పట్టుకుని బయటికి వచ్చింది. నలుగురు మగాళ్లు ఆమె జుట్టు పట్టి లాగి, మొహాన్ని కొళాయి గట్టుకేసి కొట్టారు. రెండు పళ్లు రాలిపోయాయి. జ్వరంతో తూలుతూ సత్యరాజ్ అడ్డం వస్తే వాణ్ణి కింద పడేసి కడుపులో తన్నారు. గుడి కమిటీ పెద్ద రత్నసభాపతి చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

నేను రోకలి తీసుకుని పోయాను. "ఏలరా, నిన్నటి దాకా ఈమె చేతి కాపీ తాగినోళ్లే గదరా మీరు" అని అడిగి, ముందున్నవాడి మోకాటి కింద ఒక్కటిచ్చాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడలేదు గానీ, రోకలి నా చేతికి చెప్పింది. అరవై ఎనిమిదేళ్లు వచ్చినా చేతిలో బలం ఉన్నందుకు నాకు సంతోషంగానే ఉంది.

ఇప్పుడు నా మాట విను. ఆ స్టిక్కర్లు పీకించు. స్టిక్కరు చూస్తేనే వీళ్లకు కొట్టబుద్ధి పుడుతున్నది. దాని బదులు గడపకు వేపమండ కట్టించు. అమ్మవారు పోసిన ఇంటికి మనవాళ్లు ఏం చేస్తారో నీకు తెలుసు. చెప్పులు దూరంగా విడుస్తారు. గొంతెత్తి మాట్లాడరు. అంబలి కుండ గడప ముందు పెట్టి దండం పెట్టి పోతారు. ఆ ఇంటి మీద చెయ్యెత్తే మొనగాడు ఈ వీధిలో పుట్టలేదు. పేరు కోసం పోలీసులను తిప్పితే వీధి ఇంకా రెచ్చిపోతుంది. దాన్ని వదిలెయ్యి. వేపమండ నీ వ్యానును కూడా కాపాడుతుంది.

కృష్ణరాజ్ బాగానే ఉన్నాడు. ఫోను పాడైంది.

నీ మేలు కోరే,
అత్త


పీలమేడు,
21 మే

ప్రియమైన అత్తకు,

మీ కాళ్లకు ఇక్కణ్ణుంచే దండం పెడుతున్నాను. వారం రోజులుగా ఒక్క రాయి పడలేదు. వ్యాను వస్తే వీధే దారి ఇస్తున్నదని కొత్త డ్రైవరు ఆశ్చర్యపోతున్నాడు.

యూనివర్సిటీ కమిటీలో మీ ఆలోచన చెప్పినప్పుడు ఇద్దరు ప్రొఫెసర్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మీ సర్క్యులర్లు ఆపలేని రాళ్లను మా అత్త చెట్టుకొమ్మతో ఆపుతానంటున్నది, మీ దగ్గర ఇంకేమైనా ఉంటే చెప్పండి అన్నాను. ఎవరి దగ్గరా లేదు. స్టిక్కరు తలుపు లోపలి వైపు, వేపమండ బయటి వైపు అని ఒప్పుకున్నారు. పేరు దొరక్కపోయినా వ్యాను పంపడానికి రిజిస్ట్రారు సరేనన్నారు. మా బోటనీ తోటలోని వేపచెట్టు కొమ్మలే వ్యానులో పంపిస్తున్నాం. డాక్టర్ మీనాంబాళ్ ఒక్కరే తటపటాయించారు. దీనివల్ల మందులు ఆగవు కదా అని నన్ను అడిగారు. ఆగవు, అది నా పూచీ అని మాటిచ్చాను.

నల్లసామికి కన్ను తీసేశారు. ఊరికే ఉండలేక ఆక్సిజన్ సిలిండర్లు మార్చే పని అడిగి తీసుకున్నాడు. పోలీసులు ఒకసారి వచ్చి అడిగితే, రాయి వచ్చింది గానీ చెయ్యి కనపడలేదన్నాడు. నేను మాత్రం మరిచిపోను. రోజూ అతని కట్టు చూస్తూ ఎలా మరిచిపోతాను?

బావకు ఫోను బాగుచేయించుకోమని చెప్పండి. కోపంగానైనా సరే, ఒక్కసారి మాట్లాడమనండి.

మీ కోడలు,
మధుమిత


పాత నాయుడు వీధి,
24 మే

మధుకు,

దీవెనలు రాయడానికి చెయ్యి రావడం లేదు. నిన్న పొద్దున తొమ్మిదింటికి సత్యరాజ్ పోయాడు. నడివీధిలో, మీ స్ట్రెచరు మీద పోయాడు.

వేపమండ కట్టిన ఇంట్లో ఏమేం చెయ్యకూడదో నీకు నేను చెప్పనక్కర్లేదు. మందు మింగకూడదు. తాలింపు వెయ్యకూడదు. మూడుసార్లు తలకు నీళ్లు పోసి అమ్మను సాగనంపేదాకా మనిషిని గడప దాటించకూడదు. మనం కట్టింది కొమ్మ ఒక్కటే అనుకున్నాం. దాని వెనకాలే ఇవన్నీ ఇంట్లోకి నడిచి వచ్చాయి. మాలిని మీ మాత్రలన్నీ బియ్యం డబ్బాలో దాచింది. తాలింపు వాసన వచ్చిందని మీ సాంబారు పారబోసింది. వేలికి పెట్టే మీటరుకు పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టింది. ఫోను చేసిన లెక్చరరమ్మకు తొంభై ఆరు, తొంభై ఏడు అని రోజూ అబద్ధం చెప్పింది. ఆ మనిషి పది రోజులు అంబలి మీద బతికాడు.

నిన్న కిటికీలోంచి వాడి పెదవులు చూశాను. నీలంగా ఉన్నాయి. ఆరాయిని పరుగెత్తించి మీ వాళ్లను పిలిపించాను. తెల్ల బట్టలు వేసుకున్న ఇద్దరు వచ్చి వాణ్ణి స్ట్రెచరు మీదికి ఎత్తారు. గడప దాటగానే మాలిని అడ్డం పడుకుని, "అమ్మ ఇంట్లో ఉండేటప్పుడు ఎట్ల తీసుకొనిపోతారు" అని గుండెలు బాదుకుంది. అంతే, వీధి మొత్తం మీద పడింది. పది రోజులుగా ఆ గడపకు దండం పెట్టినవాళ్లే. అమ్మవారిని ఈడ్చుకుపోతున్నారని ఇనుప కడ్డీలు పట్టుకొచ్చారు. ఒకతని డొక్కలో పొడిచారు. ఇంకొకతని మూతిగుడ్డ లాగి, నోట్లో మట్టి కుక్కారు. సిలిండరు మూతి విరగ్గొట్టారు. కొట్లాటంతా అయ్యాక చూస్తే సత్యరాజ్ కళ్లు తెరిచే ఉన్నాయి, ఊపిరి లేదు.

నా రోకలి నా చేతిలోనే ఉంది. ఎవరిని కొట్టాలో తెలియలేదు.

అత్త


పీలమేడు,
25 మే

అత్తకు,

డొక్కలో పొడిచింది మా నర్సు వరదరాజన్‌ను. రెండు పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తిలో గుచ్చుకున్నాయి. బతుకుతాడని ఇంకా చెప్పలేదు. డాక్టర్ మీనాంబాళ్ రెండు రాత్రులుగా అతని మంచం పక్కనే ఉన్నారు. ఆమెకు మాటిచ్చింది నేను. ఆ ఇళ్లలో పుట్టి పెరిగి, వేపమండ వెంట ఏమేం వస్తాయో తెలిసి కూడా మందులు ఆగవని చెప్పినదాన్ని నేను. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇక వ్యాను రాదు. పోలీసులు మలుపు దగ్గర భోజనం దించి పోతారు. ఇంకా పది గడపలకు వేపమండలు ఉన్నాయి, ఒక్కరూ విప్పనివ్వడం లేదు.

పది అని నేను లెక్క రాశాను. ఆరాయి పదకొండు అంటున్నది. పదకొండోది మన ఇల్లట. అత్తా, మన గడపకు వేపమండ ఎందుకుంది? లోపల ఎవరు పడుకుని ఉన్నారు? ఈసారి పెరట్లో ఉన్నానని రాయకండి.

మధుమిత


పాత నాయుడు వీధి,
26 మే

నా తల్లి మధుకు,

నీ మొదటి ఉత్తరంలో నన్ను ఒక పేరు అడిగావు. ఇప్పుడు చెబుతున్నాను. రాయి విసిరింది కృష్ణరాజ్. నేను తిన్నె మీదనే ఉన్నాను. నాకు నాలుగు అడుగుల దూరంలో నిలబడి విసిరాడు.

ఎందుకురా అని అడిగాను. పెళ్లాం నెల రోజులుగా ఇంటికి రాలేదు, ఆ యూనివర్సిటీ లాక్కుంది, ఇప్పుడు దాని బండి రోగాన్ని వీధిలోకి తెస్తున్నది అని పళ్లు కొరికాడు. అందరూ తలా ఒక రాయి తీశారు. గురి కుదిరింది వీడిదే.

నువ్వు ఎవడైనా సరే అని రాశావు. నువ్వు అన్నంత పనీ చేసేదానివి, నిన్ను పెంచింది నేనే. పోలీసులు ఇంటింటికీ వస్తే వాడు రెండు దెబ్బలకే కక్కేస్తాడు. అందుకని కూర్చుని ఆలోచించాను. వేపమండ చూస్తే పోలీసైనా చెప్పులు విడిచి వెనక్కి పోతాడు. వీధి సద్దుమణుగుతుంది. నల్లసామి కన్ను పాతబడిపోతుంది. మాలిని పళ్లు రాలినందుకు నాకు కలిగిన బాధ నిజమే మధూ. కానీ వేపమండ మాట పుట్టింది ఆ బాధలోంచి కాదు. నా కొడుకును దాచుకోవడానికి పదకొండు గడపలకు అబద్ధం కట్టించాను. సత్యరాజ్ దానివల్లనే చచ్చాడు.

నీకు నా మొదటి ఉత్తరం రాసేనాటికి కృష్ణరాజ్ నిజంగానే బాగున్నాడు. ఇరవయ్యో తేదీన జ్వరం వచ్చింది. మన గడపకు మండ వాడే కట్టుకున్నాడు. హాస్టలుకు పోదాం రారా అంటే నా చేతులు పట్టుకుని, "ఆడికి పోతే ఆ కన్ను పోయినాయన ముందర ఎట్ల పండుకునేది అమ్మా" అన్నాడు. మూతిగుడ్డ లేదు కాబట్టి ఆ మాట నాకు స్పష్టంగా కనపడింది. ఇవాళ వాడి పెదవులు కూడా సత్యరాజ్ పెదవుల రంగుకు తిరిగాయి. నాకూ రెండు రోజులుగా ఒళ్లు కాలుతున్నది.

రేపు పది గంటలకు కొళాయి వదులుతారు. వీధి మొత్తం అక్కడే ఉంటుంది. అప్పుడు మండ తెంపుతాను. తెంపి, ఎందుకు కట్టించానో కూడా చెబుతాను. చెప్పకుండా తెంపితే మిగతా గడపలు విప్పుకోవు. వాణ్ణి తీసుకుపోయే బండి మలుపు దగ్గరే ఆపు. నా మాట అయ్యేదాకా నీ మనుషులు అడుగు ముందుకు వెయ్యకూడదు. నువ్వు రావద్దు. ఇదొక్కటి నా మాట విను.

వాడి పేరు నీ చేతిలో పెట్టాను. దాన్ని ఏం చేస్తావో నేను అడగను.

అత్త


పీలమేడు, కింది వార్డు,
29 మే

ప్రియమైన అత్తకు,

మీరు మంచం మీద, నేను మీ కాళ్ల దగ్గర స్టూలు మీద ఉన్నాం. ఈ ముసుగులో నా పెదవులు మీకు కనపడవు కాబట్టి, రాసి మీ ఎడమచేతికి ఇస్తున్నాను. మీ కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది. జ్వరం తగ్గుముఖం పట్టింది.

నేను మీ మాట వినలేదు. మలుపు దగ్గర బండిలోనే ఉన్నాను, తర్వాత దిగి వచ్చాను. మీరు మాట్లాడిన తర్వాత వీధి ఏమన్నదో మీకు వినపడలేదు. తల మీద దెబ్బ తగిలాక జరిగింది మీరు చూడలేదు. అది మీకు తెలియాలి.

"ఈ మండ అమ్మ కోసం కట్టింది కాదు. నా కొడుకును దాచేదానికి కట్టించినా. సత్యరాజును చంపింది నేనే దా" అని మీరు కొమ్మను తెంపి నేలకేసి కొట్టినప్పుడు ముందు కదిలింది మాలిని. బిందె దించి నడిచి వచ్చింది. మీ రోకలి మీ చేతిలోంచి తీసుకుంది. మీరు దాన్ని గట్టిగా పట్టుకోలేదని నేను చూశాను. "నీ కొడుకు కోసం నా మొగుణ్ణి తిన్నావు గదా అత్తా" అంటూ మీ చేతిమీద రెండు దెబ్బలు వేసింది. రెండోదానికి ఎముక బయటికి వచ్చింది. ఆమె మొదలుపెట్టగానే మిగతావాళ్లకు దారి దొరికింది. రత్నసభాపతి విసిరిన ఇటుక మీ కణతకు తగిలింది. మీరు పడ్డాక కాళ్లతో తన్నడానికి ఏడెనిమిది మంది వచ్చారు.

అప్పుడు మాలిని రోకలిని వాళ్ల మీదికి తిప్పింది. రత్నసభాపతి దవడ పగిలింది. మీ మీద కాళ్లు రెండువైపులా వేసి నిలబడి, "ఈమెను కొట్టేదానికి నాకు దా హక్కు ఉండాది. మీకు ఎవురికీ లేదు. నా పళ్లు రాలగొట్టింది మీరు, స్ట్రెచరును ఆపింది మీరు" అని అరిచింది. ఆ గొంతుకు నేను కూడా ఆగిపోయాను. తర్వాత రోకలి పడేసి మన ఇంట్లోకి వెళ్లింది. బావ తల వైపు నేను పట్టుకున్నాను. కాళ్ల వైపు పట్టుకుని గడప దాటించింది మాలిని. బండి దాకా ఆయన మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ సాయంత్రానికే ఆరు ఇళ్లవాళ్లు మండలు విప్పి మనుషులను పంపారు. మర్నాడు మిగతా నాలుగూ. అందరూ ఈ హాస్టలులోనే ఉన్నారు. వరదరాజన్ బతుకుతాడు. మాలిని పైన వంటశాలలో, తాలింపు వెయ్యని గంజి వేరుగా కాస్తున్నది. మందు మింగమని ముసలివాళ్లకు ఆమె చెబితే మారుమాట లేకుండా మింగుతున్నారు.

బావకు వచ్చినప్పుడు ఆక్సిజన్ డెబ్భై ఒకటి. ఇప్పుడు తొంభై. ఆయన పేరు నేను స్టేషనులో రాసి ఇచ్చాను. ఇచ్చేముందు నల్లసామికి చెప్పాను. బావ మంచం సిలిండరు ఇంకెవరైనా మారుస్తారని అంటే ఒప్పుకోలేదు. "వేరే ఎవురైనా మార్చేది మరిస్తే వాడు చచ్చిపోతాడు. చచ్చినోణ్ణి నేనేమి చేసేది మేడమ్? ఊపిరి రానీ. లేసి నిలబడినాక నేనే పోలీసుల దగ్గరికి పిలుచుకొనిపోతా" అన్నాడు. ఆరు గంటలకొకసారి వచ్చి, ఉన్న ఒక్క కన్నును మీటరుకు దగ్గరగా పెట్టి చూసి, సిలిండరు మార్చి పోతున్నాడు. బావ ప్రతిసారీ గోడ వైపు తిరుగుతున్నాడు.

మీ చెయ్యి అతికేదాకా మీరు జవాబు రాయలేరు. కాబట్టి ఈసారి చివరి మాట నాది. మీరు చేసినదానికి నాకు కోపం తగ్గలేదు, ఎప్పటికి తగ్గుతుందో తెలియదు. వార్డు మూసేశాక ఆ ఇంట్లోకి నేను రాను. మీరే నా దగ్గరికి రండి, నా క్వార్టర్సులో రెండు గదులున్నాయి. ఇన్నాళ్లూ కింద మీ కోడలు అని సంతకం పెట్టాను. ఇక పెట్టలేను. కానీ ఆయన నాకు మొగుడు కాకముందే మీరు మా నాన్నకు చెల్లెలు.

మీ అన్న కూతురు,
మధుమిత